బంగాళాదుంప అట్టుకు మంజూరు

నాగరికత ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవాలంటే, ఒక బంగాళాదుంప అట్టుగా మారడానికి ఎన్ని సంతకాలు కావాలో చూస్తే చాలు. అనాగరికులు దుంపను తురిమి, గట్టిగా పిండి, పెనం మీద వేసుకుని తినేస్తారు. బందరు ఈడేపల్లిలో ఉండే రామచంద్రమూర్తిగారి కుటుంబం ఆ దశ ఎప్పుడో దాటింది. అక్కడ పదకొండు సంతకాలు కావాలి. (పెనానికి మాత్రం అక్కర్లేదు. అది ఆయన సర్వీసులో చేరకముందు నుంచీ ఉంది.)

ఆ అట్టు చరిత్ర ఒక చిన్న తగాదాతో మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఈ వారంలో ఓ రోజు బంగాళాదుంపలతో అట్లు వేస్తానని ఆ ఇంటి కోడలు వేదశ్రీ మామూలుగా అంది. మజ్జిగ పోసుకుంటున్న రామచంద్రమూర్తిగారి చెయ్యి ఆగిపోయింది.

"టిఫినా, కూరా?" అన్నారు.

"టిఫినే మావయ్యగారూ."

"బంగాళాదుంప టిఫిన్ ఎప్పుడైంది?" అన్నారు అత్తగారు అమ్మాజీ. "సంచీలో వంకాయలతో పాటు వస్తుంది. కూరగాయలు నావి."

"పెనం మీద వేసేది ఏదైనా టిఫినే," అన్నారాయన.

"మొన్న పెనం మీద అప్పడాలు కాల్చాను. అదీ టిఫినేనా?"

బయటివాళ్లకు ఇది తేలిక మాటల్లా వినిపించవచ్చు. కానీ ఆ ఇంట్లో టిఫిన్లు రామచంద్రమూర్తిగారి పరిధిలోకి, కూరలు అమ్మాజీగారి పరిధిలోకి వస్తాయి. ఆరేళ్లుగా ఈ సరిహద్దు దగ్గర చిన్న చిన్న కాల్పులు తప్ప యుద్ధం జరగలేదు. ఆ రోజు మాత్రం భార్యాభర్తలు సాయంత్రం కాఫీ దాకా మాట్లాడుకోలేదు. (కాఫీ ఎవరి పరిధిలోకీ రాదు. అది అత్యవసర సేవ.) చివరికి బంగాళాదుంప అట్టు ఉమ్మడి జాబితాలోకి వస్తుందనీ, దాని మీద ఒక ఫైలు తెరవాలనీ నిర్ణయమైంది. ఫైలు తెరవాల్సిన బాధ్యత, అట్టు మాట ఎత్తిన నేరానికి, వేదశ్రీ మీద పడింది.

రామచంద్రమూర్తిగారు ఒక కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. ఏ కార్యాలయమో చెప్పడం అనవసరం, లోపలికి వెళ్లాక అన్నీ ఒకటే. ముప్పై నాలుగేళ్ల సర్వీసు నుంచి ఆయన ఇంటికి తెచ్చుకున్నవి ఒక శాలువా, ఒక కట్ట ఫైలు ట్యాగులు. రిటైరైన రెండో రోజు ఉదయం ఆయనకో భయంకరమైన నిజం తెలిసింది. ఇన్నేళ్లుగా ఆ ఇల్లు ఒక్క కాగితం కూడా లేకుండా నడుస్తోంది. పాలు వస్తున్నాయి, పప్పు ఉడుకుతోంది, దేనికీ ఆధారం లేదు. ఆయన ఆ రోజు భోజనం సరిగా చేయలేదు.

మర్నాటి నుంచి ముందు గదిలో ఒక బల్ల వెలిసింది. దాని మీద చెప్పుల పెట్టె మూత ఒకటి లోపలికి వచ్చే కాగితాలకు, ఇంకొకటి బయటికి వెళ్లే కాగితాలకు. అర లీటరు పాలు ఎక్కువ కావాలంటే ముందు రోజు రాసి పెట్టాలి. వేదశ్రీ భర్త ఫణికుమార్ బీమా ఆఫీసులో పనిచేస్తాడు. పగలంతా ఇతరుల చేత ఫారాలు నింపించేవాడు కాబట్టి, సాయంత్రం తను నింపడానికి అతనికేమీ అనిపించలేదు. తొమ్మిదో తరగతి చదివే కూతురు అపూర్వను తపాలు విభాగంలో వేశారు. వంటింటికీ ముందు గదికీ మధ్య పద్నాలుగు అడుగులు. ఫైలు ఆ దూరం నడవడానికి సగటున రెండు రోజులు పట్టేది.

ఈ వ్యవస్థకు రెండు మూలసూత్రాలు ఉండేవి. పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం పడుతుంది. సంతకం పడిన ఫైలును పై అధికారి తప్ప ఎవరూ తిరిగి తెరవకూడదు. ఆ ఇంట్లో ఆయనకు పై అధికారి లేరని కూడా పక్కనే రాసుకున్నారు. (ఆయన ఆ వాక్యం పైకి చదివినప్పుడు అమ్మాజీగారు చింతపండు పిసుకుతూ ఉన్నారు.)

ఇంతకీ వేదశ్రీకి ఉన్నట్టుండి బంగాళాదుంప మీద ప్రేమ ఎందుకు పుట్టింది?

ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. అపూర్వ పుట్టకముందు రెండేళ్లు పాఠాలు చెప్పింది. తర్వాత పద్నాలుగేళ్లుగా ఆ చదువును ఇడ్లీ పిండి ఎందుకు పొంగుతుందో ఎవరూ అడగని ఒక ఇంట్లో వినియోగిస్తోంది. ఆమె స్నేహితురాలు రేష్మా గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో పనిచేస్తోంది. అక్కడ కెమిస్ట్రీ లెక్చరరు ఖాళీ వస్తే వేదశ్రీ పేరు చెప్పింది. వేదశ్రీ వెళ్లి ఒక పాఠం చెప్పి వచ్చింది. వాళ్లు ఉత్తరం ఇచ్చారు. అట్టు తగాదా జరిగిన ఆదివారానికి ఆ ఉత్తరం వచ్చి పది రోజులైంది, చేరడానికి పదిహేను రోజుల గడువు ఉంది.

ఆ పది రోజుల్లో ఉత్తరం ఇల్లంతా తిరిగింది. ఫణికుమార్ చదివి, తనకేం అభ్యంతరం లేదనీ, నాన్నగారిని ఒక మాట అడగమనీ అన్నాడు. నాన్నగారు, ఫణి ఏమంటాడో చూద్దాం అన్నారు. ఫణి ఏమన్నాడో చెబితే, "పరిశీలిద్దాం అమ్మాయ్" అన్నారు. ఉత్తరం చెప్పుల పెట్టె మూతలో అన్నిటికన్నా అడుగున చేరింది. ప్రతి రోజూ దాని మీద ఇంకో కాగితం పడేది, కాబట్టి పరిశీలన లోతుగా జరుగుతోందనే చెప్పాలి.

పనికొచ్చే ప్రశ్న అడిగింది అమ్మాజీగారు ఒక్కరే. "పొద్దున టిఫిన్ ఎలాగే మరి?"

అది న్యాయమైన ప్రశ్న. ఆ ఇంట్లో ఏడున్నరకు టిఫిన్ పడాలంటే ముందురోజు మధ్యాహ్నం పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, ఆ పిండి పులుస్తోందా లేదా అని రెండుసార్లు మూత తీసి చూడాలి. గుడివాడ బస్సు ఏడూ పదికి. బంగాళాదుంప అట్టుకు నానబెట్టడం లేదు, రుబ్బడం లేదు, పులియబెట్టడం లేదు. తురమడం, పిండడం, వేయడం. ఇరవై నిమిషాలు. చేయగలదని ఒక్కసారి చేసి చూపిస్తే అత్తగారి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మిగిలిన వాళ్లకు అది అట్టు. వేదశ్రీకి అది ఏడూ పది బస్సు.

సోమవారం ఆమె మొదటి కాగితం పెట్టింది. "బంగాళాదుంపలు 6, ఉల్లిపాయలు 2, పచ్చిమిర్చి 4" అని రాసి, అల్లం, జీలకర్ర, ఉప్పు, కాస్త బియ్యప్పిండి చేర్చింది. సాయంత్రానికి ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. "మనుషులు 5. దుంపలు 6. ఆ 1 ఎవరికి?"

దుంపల లెక్క తీసేసి బరువు రాసింది. 750 గ్రాములు. చెక్కు తీయకముందా, తీశాకా అని తిరిగి వచ్చింది. ఆమె చెక్కు తూచి, తరుగు 90 గ్రాములని రాసింది. ఆ తరుగును ఏం చేశారని వచ్చింది. కరివేపాకు మొక్క మొదట్లో వేశానని రాసింది. మొక్కకు వేయుటకు అనుమతి ఎవరిచ్చారని వచ్చింది. అపూర్వ ఒకే రోజు వంటింటికీ ముందు గదికీ ఏడుసార్లు తిరిగి, తపాలు విభాగానికి సైకిలు మంజూరు చేయమని రాసి పెట్టింది. అది ఇప్పటికీ పరిశీలనలో ఉంది.

బుధవారం సాయంత్రం పాక్షిక అనుమతి లభించింది. "తురుముటకు మాత్రమే. పిండుటకు వేరుగా రాయవలెను." వేదశ్రీ తురిమింది. తురిమిన దుంపను వెంటనే నీళ్లలో వేయాలి. కానీ అంచనా కాగితంలో నీళ్ల మాట లేదు. ఆ మాట చేర్పించుకుందామని ముందు గదిలోకి వెళ్తే రామచంద్రమూర్తిగారు అప్పుడే వాకింగుకు బయల్దేరారు. దారిలో పాత సహోద్యోగి భూషణంగారు కలిశారు. ఇద్దరికీ ఒకే సంవత్సరం ఇంక్రిమెంటు ఆగింది, అది మాట్లాడుకోవడానికి గంట పట్టింది. తిరిగి వచ్చేసరికి పళ్లెంలో తురుము ముందు ఎర్రబడి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, చివరికి నల్లబడింది.

దుంప నల్లబడినందుకు సంజాయిషీ అడిగారు. గాలి తగిలిందని వేదశ్రీ రాసింది. ఎవరు తగలనిచ్చారని వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని కాసేపు చూసి, మడిచి, వంటింటి కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో పెట్టింది.

రెండో ప్రయత్నం శనివారం, అమ్మాజీగారి పర్యవేక్షణలో జరిగింది. ఉమ్మడి జాబితా అంటే చెరోసారి అని ఈలోగా తేల్చుకున్నారు. ఈసారి నీళ్లకు లోటు లేదు. వేదశ్రీ తురుమును నీళ్లలో వేసి, పలచని గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండింది. పిండిన నీళ్లను గిన్నెలో కదపకుండా ఉంచింది. పది నిమిషాలు ఆగితే అడుగున తెల్లగా, మెత్తగా సున్నంలా పేరుకుంటుంది. పైనున్న నీళ్లు వంపేసి ఆ తెల్లటిదాన్ని మళ్లీ తురుములో కలపాలి. ఇంతలో ఫోన్ మోగింది. రేష్మా. ప్రిన్సిపాల్ అడుగుతున్నారు, వస్తున్నావా లేదా, ఇంకొకళ్లకు చెప్పమంటావా అని. శుక్రవారం చెబుతానని వేదశ్రీ అంది. ఏ శుక్రవారమని రేష్మా అడిగింది. ఈసారి వచ్చేదే అని చెప్పి లోపలికి వచ్చేసరికి గిన్నె తళతళ మెరుస్తూ బోర్లించి ఉంది.

"మురికినీళ్లు అలా వదిలేశావేంటే?" అన్నారు అమ్మాజీగారు. "పారబోసి తోమేశాను."

వేదశ్రీ ఉన్న తురుముతోనే అట్టు వేసింది. అంచులు ఎర్రగా కాలాయి, వాసన వీధి దాకా వెళ్లింది. తిరగేసింది. నాలుగు ముక్కలైంది. రెండోది ఆరు ముక్కలైంది. మూడోదాన్ని తిరగేయకముందే అది తనంత తాను విడిపోయింది.

ఫణికుమార్ ఆ ముక్కలు తింటూ, నోరు ఖాళీ లేకుండానే, "బానే ఉంది వేదా, వేపుడులా ఉంది," అన్నాడు.

ముందు గదిలో కలం మూత తీసిన చప్పుడైంది. వేపుడు అంటే కూర. సొంత కొడుకు వాంగ్మూలం మీద బంగాళాదుంప అట్టును కూరల విభాగానికి బదిలీ చేశారు. టిఫిన్‌గా పరిగణించాలంటే మళ్లీ మొదటి కాగితం నుంచి రావాలి. వేదశ్రీ భర్త వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఫైలు నంబరు లేదు.

అత్తగారు పెనం దగ్గరికి వచ్చి ముక్కల్ని అట్లకాడతో కూడదీస్తూ, ఎందుకిలా అయిందని నెమ్మదిగా అడిగారు.

"ఆ అడుగున తెల్లగా ఉండేదే దీన్నంతా పట్టి ఉంచేది అత్తయ్యగారూ," అంది వేదశ్రీ. "ఉన్నప్పుడు కనబడదు. పోయాక తెలుస్తుంది."

అమ్మాజీగారు ఒక నిమిషం ఆ బోర్లించిన గిన్నె వైపు చూశారు. ఆవిడకు ఆ ఇంటికి వచ్చి నలభై మూడేళ్లు.

"ముందే చెప్పకపోయావా," అని మాత్రం అన్నారు.

పక్కింట్లో మజీద్‌గారి భార్య ఖాతూన్ బట్టలు కుడుతుంది. గోడ పక్కన మాటల్లో వేదశ్రీ ఆమెకు ఈ అట్టు సంగతి చెప్పింది, నీళ్లతో సహా. మంగళవారం ఉదయం గోడ మీద నుంచి ఒక పళ్లెం వచ్చింది. అందులో తొమ్మిది అట్లు, ఒక్కటీ విరగలేదు.

"ఎంతసేపు పట్టిందక్కా?" అంది వేదశ్రీ.

"ఎంతసేపేంటి, మజీద్‌గారు గడ్డం చేసుకునేలోపు అయిపోయాయి. తిని వెళ్లిపోయారు."

"పర్మిషన్ ఎవరిచ్చారు?"

"దేనికి?" అంది ఖాతూన్.

వేదశ్రీ పళ్లెం అందుకుంది. ఆ ఉద్యోగం ఏమైందని ఖాతూన్ అడిగింది. ఇంకా పరిశీలనలో ఉందని వేదశ్రీ చెప్పింది. తన మరిదికి పిల్లను చూసి, పెళ్లి చేసి, వేరు కాపురం పెట్టించడానికి కూడా ఇన్ని రోజులు పట్టలేదని ఖాతూన్ అని, మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

పళ్లాన్ని బయటి సంస్థ పంపిన నమూనాగా రామచంద్రమూర్తిగారు స్వీకరించారు. పరీక్ష నిమిత్తం నాలుగు అట్లు తిన్నారు. ఒక నిర్ణయానికి రావడానికి నమూనాలు సరిపోలేదని రాశారు.

బుధవారం మధ్యాహ్నం ఇల్లు నిద్రపోతుండగా వేదశ్రీ ఇప్పటిదాకా తిరిగొచ్చిన కాగితాలన్నీ భోజనాల బల్ల మీద వరసగా పరిచింది. ఒకప్పుడు పిల్లల ల్యాబ్ రికార్డులు ఇలాగే పరిచి దిద్దేది. వాటిని అలా నిలబడి చూస్తూ ఉంటే ఒక సంగతి కనబడింది. ఎర్ర సిరా గీతలన్నీ అంకెల కిందే ఉన్నాయి. 6 కింద, 750 కింద, 90 కింద. మంట సన్నగా ఉంచవలెను అని రాసిన చోట గీత లేదు. ఉప్పు చివర కలపకపోతే నీరు కారును అన్న చోట లేదు. ఒక పూర్తి పేరాలో ఎక్కడా అంకె లేదు, అక్కడ ఆయన కలం ఆగిన గుర్తే లేదు. మామగారు చదవరు. వెతుకుతారు. అంకె దొరికితే ఆపుతారు, దొరక్కపోతే సంతకం పెడతారు.

సైన్సు చదివినవాళ్లు ఒక్క పరిశీలనతో సిద్ధాంతం చేయరు. గురువారం ఉదయం వేదశ్రీ ఒక కాగితం పెట్టింది. "ముందు గదిలోని ఫ్యాను రెక్కలు తుడుచు బాధ్యత శ్రీ ఫణికుమార్‌కు అప్పగించడమైనది." ఒక్క అంకె లేదు, కింద పెన్సిలుతో ఇంటూ గుర్తు. కాగితం నిమిషంలో సంతకంతో తిరిగి వచ్చింది. సాయంత్రం ఫణికుమార్ స్టూలెక్కి ఫ్యాను తుడుస్తుంటే, దుమ్ము ఎందుకు రాలుతోందని కింద నుంచి తండ్రి అడిగారు.

శుక్రవారం ఆమె పదకొండు పేజీల ఫైలు తయారుచేసింది. అంకె అన్నదే లేదు, పేజీల సంఖ్యలు కూడా అక్షరాల్లోనే. ఆరో పేజీలో, గిన్నె అడుగున నిలిచిన తెల్లటి పదార్థాన్ని ఏ స్థాయి అధికారీ పారబోయరాదని రాసింది. తొమ్మిదో పేజీలో ఇలా రాసింది. "వేదశ్రీ రాబోయే సోమవారం నుంచి గుడివాడ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరుటకును, ప్రతిదినము ఉదయం ఏడు గంటల పది నిమిషాల బస్సుకు వెళ్లుటకును ఆమోదం కోరడమైనది." మిగతా పేజీలకన్నా పెద్ద అక్షరాలతో రాసింది, తర్వాత ఎవరూ కనబడలేదని అనకుండా. పదో పేజీ కూడా అంతే జాగ్రత్తగా రాసింది.

చివర్లో మామగారు ఎన్నోసార్లు భోజనాల దగ్గర చెప్పిన ఒక కిటుకు ఆమెకు గుర్తొచ్చింది. పైవాడికి పంపే ఫైల్లో కనబడేలా ఒక తప్పు వదలాలి, దాన్ని దిద్దితే ఆయన పని ఆయన చేసినట్టు ఉంటుంది, మన పని మనకు అవుతుంది. ఆ కిటుకుతోనే ఆయన ముగ్గురు ఆఫీసర్లను సంతోషపెట్టారు. వేదశ్రీ రెండో పేజీ తీసి, "ఉప్పు 11 చెంచాలు" అని రాసింది. మొత్తం ఫైల్లో అదొక్కటే అంకె.

ఫైలు ఈసారి అపూర్వతో పంపకుండా తనే తీసుకెళ్లింది.

"తొమ్మిదో పేజీ ఒకసారి చదవండి మావయ్యగారూ."

"చూస్తానమ్మాయ్," అన్నారాయన. పేజీలు తిప్పారు. రెండో పేజీలో ఆగి, ఒక ఒకటిని కొట్టేశారు. ఆయన ముఖం విచ్చుకుంది. "పదకొండు చెంచాల ఉప్పా? నేను చూడకపోతే ఏమయ్యేది ఈ ఇల్లు?"

"అవునండీ," అంది వేదశ్రీ.

పదకొండు సంతకాలకు నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం కలం మూత వెతకడానికి.

ఆ సాయంత్రం ఆమె రేష్మాకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. ఇంట్లో ఒప్పుకున్నారా అని రేష్మా అడిగింది. రాతపూర్వకంగా, అంది వేదశ్రీ.

ఆదివారం రాత్రి ఆ ఇంట్లో అన్నం వండరు, టిఫినే భోజనం. వేదశ్రీ తురిమింది. అమ్మాజీగారు గిన్నె దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. పది నిమిషాలు ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు, మంచినీళ్లకు వచ్చిన ఫణికుమార్‌ను కూడా పక్కకు తప్పుకోమన్నారు. పైనీళ్లు తనే మెల్లగా వంపి, అడుగున మిగిలిన తెల్లటిదాన్ని వేలితో తీసి చూసి, చివరి బొట్టు దాకా తురుములోకి దులిపారు. అట్టు పెనం మీద అంచుల నుంచి ఎర్రబడుతూ వచ్చింది. వేదశ్రీ తిరగేసింది. విరగలేదు. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకోలేదు, ఇద్దరూ అట్టునే చూశారు.

అందరి పళ్లాల్లో అట్టు, అల్లం పచ్చడి పడ్డాక రామచంద్రమూర్తిగారు ఫైలు చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డారు. ముఖ్యమైన ఉత్తర్వులు ఆయన కూర్చుని చెప్పరు. కూలంకషంగా పరిశీలించిన మీదట, బంగాళాదుంప అట్టును టిఫిన్‌గా గుర్తిస్తూ, పేజీ ఒకటి నుంచి పదకొండు వరకు యథాతథంగా మంజూరు చేయడమైనదని ప్రకటించారు. ఉప్పు విషయంలో జరగబోయిన ప్రమాదాన్ని తాను ఎలా ఆపిందీ వివరించారు.

"థ్యాంక్సండీ మావయ్యగారూ," అంది వేదశ్రీ. "ముఖ్యంగా తొమ్మిదో పేజీకి."

"ఏముంది తొమ్మిదిలో?"

తపాలు విభాగం ఫైలు అందుకుని తొమ్మిదో పేజీ పైకి చదివింది. అపూర్వ గొంతు బడిలో ప్రతిజ్ఞ చదివినట్టు స్పష్టంగా ఉంది. ఫణికుమార్ నమలడం ఆపాడు. రామచంద్రమూర్తిగారు కళ్లజోడు పెట్టుకుని సంతకం చూశారు. ఆయనదే. తేదీతో సహా ఉంది.

"దీన్ని మళ్లీ తెరవాలి," అన్నారు.

"పై అధికారి కావాలి కదా తాతయ్యా?" అంది అపూర్వ.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, అందరూ అమ్మాజీగారి వైపు తిరిగారు. ఆవిడ పచ్చడి వడ్డిస్తున్నారు.

"సంతకం మీదేగా?" అన్నారు.

"నాదే."

"అయితే కూర్చోండి. అట్టు చల్లారుతోంది."

చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్న సూపరింటెండెంటు ఇంతవరకూ పుట్టలేదు. రామచంద్రమూర్తిగారు కూర్చోలేదు. గొంతు సవరించుకుని, ఈ ఉద్యోగం గురించి తాను చాలా రోజులుగా లోతుగా ఆలోచించాననీ, చదువుకున్న చదువు వృథా కాకూడదన్నది మొదటి నుంచీ తన అభిప్రాయమనీ, అందుకే మంజూరు చేశాననీ ప్రకటించారు. తను కూడా మొదటి నుంచీ అదే అంటున్నానని ఫణికుమార్ అన్నాడు. (రికార్డుల్లో ఎక్కడా లేదు.) ఇంత విశాలమైన మనసున్న మామగారు బందరు మొత్తంలో లేరని ఒక అభిప్రాయం ఏర్పడబోతుండగా అమ్మాజీగారు రెండో అట్టు ఆయన పళ్లెంలో వేశారు.

"పదో పేజీ కూడా చదవ్వే," అన్నారు మనవరాలితో. ఆవిడ ఫైలు ఎప్పుడు చదివారో ఎవరికీ తెలియదు.

అపూర్వ చదివింది. "వేదశ్రీ కాలేజీకి వెళ్లు దినములలో ఉదయపు అట్టు పనికి, మంజూరు చేసిన అధికారియే పూర్తి అదనపు బాధ్యత వహించవలెను. ఇది రాబోయే సోమవారం నుంచి అమలులోకి వచ్చును."

పెనం మీద ఆఖరి అట్టు చిటపటమంటోంది. వేదశ్రీ లేచి స్టవ్ ఆపేసి, తురుముపీట కడిగి, తుడిచి, ముందు గదిలో బల్ల మీద లోపలికి వచ్చే కాగితాల మూతలో పెట్టి వచ్చింది.

రామచంద్రమూర్తిగారు ఫైలు అడిగి తీసుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ముప్పై నాలుగేళ్ల ఆఫీసు సర్వీసులోనూ, ఆరేళ్ల ఇంటి సర్వీసులోనూ మొట్టమొదటిసారి ఆయన ఒక ఫైలును మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.

మొదటి పేజీలో మొదటి వాక్యం: దుంపలు చెక్కు తీయవలెను.